లాప్‌టాప్ కెమెరా ఉన్నట్టుండి మాయం, ఎల్లుండే ఇంటర్వ్యూ

వానచినుకు_07
నిన్న సాయంత్రం దాకా శుభ్రంగా పనిచేసిన లాప్‌టాప్ కెమెరా ఇవాళ పొద్దున్నుంచి రావడం లేదు. విండోస్ 11. కెమెరా యాప్ తెరిస్తే నల్లటి తెర, మీ కెమెరా దొరకడం లేదని ఒక ముక్క, కింద బారెడు ఎర్రర్ కోడ్. చివర 4244 అని ఉంది. జూమ్‌లోనూ అంతే, బ్రౌజర్‌లోనూ అంతే. రెండుసార్లు రీస్టార్ట్ చేశాను. నాలుగు రోజుల క్రితం ఏదో అప్‌డేట్ వచ్చింది, దాని పనేనా? ఎల్లుండి వీడియో ఇంటర్వ్యూ, ఒకటే టెన్షన్. మెషీన్ వయసు మూడున్నరేళ్ళు. దీనికి ఇంకో జబ్బు కూడా ఉంది, స్క్రీన్ కాస్త వెనక్కి వంచినప్పుడల్లా టుంగ్ టుంగ్ మంటోంది కొన్ని నెలలుగా. స్పీకర్ పోయేలా ఉంది. అది తర్వాత చూసుకుంటా, ముందు కెమెరా సంగతి చెప్పండి.

పాతకీబోర్డు
మూత తీశారా?

వానచినుకు_07
ఏ మూత?

పాతకీబోర్డు
కొన్నిటికి కెమెరా ముందు చిన్న ప్లాస్టిక్ తలుపు ఉంటుంది, పక్కకి జరపాలి. నవ్వకండి. నేను ఐటీ సపోర్ట్‌లో చేసిన రోజుల్లో కెమెరా ఫిర్యాదు అని పరిగెత్తుకెళ్తే సగం సార్లు అదే. ఒకాయన తలుపు మూసి, దాని మీద స్టిక్కర్ కూడా అంటించి, రెండూ మర్చిపోయాడు. తలుపు తీసినా రాలేదని నా మీద ఎగిరాడు.

జీరోబగ్
తలుపు మూసుంటే నల్లటి బొమ్మ వస్తుంది గానీ 4244 రాదు. 4244 అంటే అసలు కెమెరానే లేదంటోంది విండోస్. కళ్ళు మూసుకున్న మనిషి వేరు, ఇంట్లో లేని మనిషి వేరు.

పాతకీబోర్డు
@జీరోబగ్ అన్ని మోడళ్ళలో అలా ఉండదు సార్. కొన్నిట్లో పక్కన ఉండే చిన్న స్విచ్ కెమెరా కనెక్షన్‌నే తెంచేస్తుంది. అప్పుడు విండోస్‌కి కెమెరా లేనట్టే. అందుకే ముందు అది అడిగాను.

వానచినుకు_07
తలుపు లేదు, పక్కన స్విచ్ కూడా లేదు. ఎఫ్10 మీద గీత కొట్టిన కెమెరా బొమ్మ ఉంది. నొక్కాను. ఎఫ్ఎన్ పట్టుకుని కూడా నొక్కాను. చలనం లేదు.

గాలిపటం
సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, అందులో కెమెరా. అక్కడ వేర్వేరు స్విచ్‌లుంటాయి. మొత్తం కెమెరాకి ఒకటి, యాప్‌లకి ఒకటి, చాలామందికి కనబడని ఇంకోటి అడుగున ఉంటుంది, డెస్క్‌టాప్ యాప్‌లకి. మా చెల్లి పై రెండూ ఆన్ చేసి, అడుగుది వదిలేసి, బ్రౌజర్‌లో కెమెరా రావట్లేదని వారం ఏడ్చింది. బ్రౌజర్‌కి మళ్ళీ సొంత పర్మిషన్ ఉంటుంది, అడ్రస్ పక్కన గుర్తు నొక్కితే కనిపిస్తుంది.

బ్లూస్క్రీన్_బాబాయ్
ఫార్మాట్ కొట్టి విండోస్ మళ్ళీ వేసేయండి. గంట పని.

గాలిపటం
బాబాయ్, మీరు ప్రింటర్‌లో పేపర్ ఇరుక్కున్నా ఫార్మాటే అంటారు.

బ్లూస్క్రీన్_బాబాయ్
ఒకసారి అన్నాను. పేపర్ కూడా వచ్చేసింది.

జీరోబగ్
ఇంటర్వ్యూ రెండు రోజుల్లో పెట్టుకుని ఎవరూ ఫార్మాట్ చేయకండి దయచేసి. ఒక్కో సలహా పట్టుకుని తిరిగే బదులు తెగింది ఎక్కడో చూద్దాం. స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్ చేసి డివైస్ మేనేజర్ తెరవండి. అక్కడ కెమెరాస్ అని ఒక వరస ఉంటుంది, పాత మెషీన్లయితే ఇమేజింగ్ డివైసెస్ కింద ఉంటుంది. కెమెరా పేరు మామూలుగా కనబడి, మీద ఏ గుర్తూ లేకపోతే విండోస్‌కి కెమెరా అందుతోంది, గొడవ పైన ఉంది. అంటే @గాలిపటం చెప్పిన పర్మిషన్లు, లేదా ఇంకో యాప్ దాన్ని పట్టుకుని కూర్చోవడం. పసుపు ముక్కోణం ఉంటే డ్రైవర్, అంటే కెమెరాని విండోస్‌తో మాట్లాడించే ప్రోగ్రామ్, మొరాయిస్తోంది, లేదా కెమెరానే తప్పుడు జవాబులిస్తోంది. వరసే లేకపోతే కింద హార్డ్‌వేర్ దాకా వెళ్ళాలి. పేరు కనబడకపోతే పైన వ్యూ మెనూలో షో హిడెన్ డివైసెస్ నొక్కి మళ్ళీ చూడండి. ఏం కనిపించిందో ఉన్నదున్నట్టు రాయండి.

మౌస్_మామయ్య
నాది ఇలాగే అయింది. యాంటీవైరస్‌లో వెబ్‌క్యామ్ రక్షణ అని ఒకటి ఉంది, అదే ఎవర్నీ కెమెరా దగ్గరికి రానీయలేదు. నా నుంచి నన్ను కాపాడింది.

చీకటితెర
తయారీదారు వెబ్‌సైట్ నుంచి కెమెరా డ్రైవర్ దించి వేయండి, అయిపోతుంది.

వానచినుకు_07
@గాలిపటం స్విచ్‌లన్నీ ఆన్‌లోనే ఉన్నాయి. @మౌస్_మామయ్య నాకు వేరే యాంటీవైరస్ లేదు. @జీరోబగ్ కెమెరాస్ అనే వరసే లేదు. హిడెన్ నొక్కాక వచ్చింది, కానీ పేరు వెలిసిపోయి ఉంది. దాని మీద రెండుసార్లు నొక్కితే ఈ పరికరం ప్రస్తుతం కంప్యూటర్‌కి కలిపి లేదు, కోడ్ 45 అంటోంది. లోపల బిగించిన కెమెరా కలిపి లేకపోవడమేంటి?

జీరోబగ్
అదే అసలు ముక్క. వెలిసిపోయిన పేరంటే ఒకప్పుడు ఉండేది, ఇప్పుడు లేదు అని. లాప్‌టాప్ లోపలి కెమెరా కూడా చాలావరకు యూఎస్‌బీ పరికరమే. బయట తగిలించే కెమెరాకీ దానికీ తేడా అల్లా, వైరు లోపల ఉండటం. ఎవరో ఆ వైరు పీకేసినట్టుగా ఉంది విండోస్‌కి.

@చీకటితెర డ్రైవర్ కాదనుకుంటున్నా. యూఎస్‌బీ వీడియో క్లాస్ అని 2003 నుంచి ఒక ప్రమాణం ఉంది, ఇలాంటి కెమెరాల్లో ఎక్కువ భాగం దాన్నే పాటిస్తాయి, దాని డ్రైవర్ విండోస్‌లోనే ఉంటుంది. ఒకవేళ డ్రైవర్ లేకపోయినా పసుపు గుర్తుతో ఏదో ఒక పేరు కనబడాలి కదా. ఇక్కడ అదీ లేదు.

చీకటితెర
అప్‌డేట్‌ని అంత తేలిగ్గా వదలకండి. 2016లో విండోస్ 10 యానివర్సరీ అప్‌డేట్ గుర్తుందా? ఒకే కెమెరాని రెండు యాప్‌లు వాడుకోవచ్చని మధ్యలో ఫ్రేమ్ సర్వర్ అని ఒకటి పెట్టారు. ఆ మార్పులో ఎంజేపెగ్, హెచ్.264 అనే కుదించిన రూపాల్లో వచ్చే వీడియో యాప్‌లకి అందకుండా పోయింది. బంగారంలాంటి కెమెరాలు కాల్ మధ్యలో బిగుసుకుపోయేవి. రిజిస్ట్రీలో, అదే విండోస్ లోపలి సెట్టింగుల పట్టీలో, ఒక విలువ 0 పెట్టి బతికాం, తర్వాతెప్పుడో సరిచేశారు. నా కొత్త కెమెరా పాడైందనుకుని ఇంకోటి కొన్నాను. అదీ బిగుసుకుంది.

జీరోబగ్
నిజమే, నేనూ పడ్డాను. కానీ అప్పుడు కెమెరా డివైస్ మేనేజర్‌లో కనబడేది కదా. ఇక్కడ కనబడటమే లేదు. పోనీ ఇద్దరికీ తృప్తిగా ఉండే పరీక్ష ఏదైనా చేద్దాం.

రెండోకన్ను
మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి, నాది కూడా కెమెరా గొడవే. డెస్క్‌టాప్‌కి రెండు యూఎస్‌బీ కెమెరాలు, రెండూ ఒకే హబ్‌లో. ఏదో ఒకటే వస్తుంది. రెండోది ఆన్ చేస్తే ఎర్రర్, మొదటిది ఆపితే రెండోది వస్తుంది. రెండూ విడిగా బ్రహ్మాండంగా ఉన్నాయి.

లినక్సు_లచ్చి
@రెండోకన్ను లెక్క వేయండి. 1280×720 బొమ్మ, ఒక్కో చుక్కకి 2 బైట్లు, సెకనుకి 30 బొమ్మలు. కుదించకుండా పంపితే సెకనుకి 5.5 కోట్ల బైట్లు, అంటే దాదాపు 44 కోట్ల బిట్లు. యూఎస్‌బీ 2.0 దారి మొత్తం వెడల్పే 48 కోట్ల బిట్లు, అందులోనూ కొంత దాని సొంత ఖర్చులకే పోతుంది. ఒక ఏనుగే ఇరుక్కుంటూ పోయే గుమ్మంలోకి రెండో ఏనుగుని తోస్తున్నారు. ఒక కెమెరాని హబ్ నుంచి తీసి మెషీన్‌కి అవతలి పక్క పోర్టులో పెట్టండి. అక్కడా రాకపోతే రెండిట్నీ ఎంజేపెగ్‌కి మార్చండి, లేదా సైజు తగ్గించండి.

రెండోకన్ను
వెనక పోర్టులో పెట్టా. రెండూ వచ్చాయి! ఆర్నెల్లుగా కెమెరాలని తిడుతున్నా పాపం.

వానచినుకు_07
ఇది నా కెమెరా గొడవ అని ఎవరికైనా గుర్తుందా?

లినక్సు_లచ్చి
గుర్తుంది, మీకోసమే వచ్చాను. పెన్‌డ్రైవ్‌లో ఉబుంటు, అంటే విండోస్ బదులు నడిచే లినక్స్, వేసి దాని నుంచి బూట్ చేయండి. ఇన్‌స్టాల్ చేయొద్దు, ట్రై అని ఉంటుంది, అది నొక్కండి. టెర్మినల్ తెరిచి ఎల్ఎస్‌యూఎస్‌బీ అని చిన్న అక్షరాల్లో కొడితే యూఎస్‌బీ మీద ఏమేం ఉన్నాయో చదువుతుంది. అందులో కెమెరా కనబడితే తప్పు విండోస్‌ది, @చీకటితెర గెలిచినట్టు. కనబడకపోతే విండోస్ నిర్దోషి.

పాతకీబోర్డు
ఒక్క నిమిషం, ముందు డిస్క్‌కి తాళం వేసే బిట్‌లాకర్ ఆన్‌లో ఉందేమో చూసుకోండి. బూట్ సెట్టింగ్స్ కదిపితే తిరిగొచ్చాక రికవరీ కీ అడగొచ్చు. కీ ఎక్కడుందో తెలియకుండా ఆ పని మొదలుపెట్టకండి. కెమెరా కోసం పోయి మొత్తం డిస్క్‌కి తాళం వేసుకున్నవాళ్ళని చూశాను. బూట్ సెట్టింగ్స్ ఉండే బయాస్‌లోకి వెళ్తారు కాబట్టి అక్కడ ఇంటిగ్రేటెడ్ కెమెరా అని ఉంటే ఎనేబుల్‌లో ఉందో లేదో కూడా చూసి రండి.

బ్లూస్క్రీన్_బాబాయ్
నేను గంట పని అన్నాను, మీరు రెండు గంటల పని చెప్పారు. పైగా ఫార్మాట్ లేకుండా.

మౌస్_మామయ్య
పూర్తిగా షట్ డౌన్ చేసి, ఛార్జర్ పీకి, పవర్ బటన్ 30 సెకన్లు నొక్కి పట్టుకోమని కూడా అంటారు. లోపల మిగిలిన ఛార్జి పోతుందట. నాకు ఒకసారి పనిచేసింది, ఎందుకో అడగకండి.

వానచినుకు_07
మౌస్ మామయ్య గారి చిట్కా చేశాను, రాలేదు. బయాస్‌లో కెమెరా ఎనేబుల్ అనే ఉంది. రికవరీ కీ కాగితం మీద రాసుకుని ఉబుంటుతో తెరిచాను. జాబితాలో బ్లూటూత్ ఉంది, వేలిముద్ర రీడర్ ఉంది, నా పెన్‌డ్రైవ్ ఉంది. కెమెరా లేదు. ఏడుపొస్తోంది.

చీకటితెర
సరే, అప్‌డేట్ కాదు. ఒప్పుకుంటున్నా.

గాలిపటం
తేదీ, సమయం రాసి పెట్టుకోండి. చీకటితెర ఒప్పుకున్నారు.

బ్లూస్క్రీన్_బాబాయ్
దిగులుపడకు తల్లీ. అసలు మొదటి వెబ్‌క్యామ్ మనుషుల కోసం పెట్టిందే కాదు. 1991లో కేంబ్రిడ్జ్ యూనివర్సిటీ కంప్యూటర్ ల్యాబ్‌లో కాఫీ కుండ మీద పెట్టారు, లేచి వెళ్ళకుండా కుండ నిండుగా ఉందో ఖాళీగా ఉందో కూర్చున్నచోట నుంచే చూసుకోడానికి. 128×128 బొమ్మ, అదీ రంగుల్లేకుండా. 2001 దాకా నడిచింది. మన కెమెరాలు నాలుగేళ్ళు కూడా ఉండవు.

అరటిమొక్క
ఎప్పుడూ చదివి వెళ్ళిపోయేదాన్ని, ఇప్పుడు రాయక తప్పడం లేదు. అందరూ ఒకసారి పైకెళ్ళి మొదటి పోస్టు చివరి వాక్యాలు చదవండి. స్క్రీన్ వెనక్కి వంచినప్పుడల్లా టుంగ్ టుంగ్.

అది స్పీకర్ పోయే శబ్దం కాదు. పెన్‌డ్రైవ్ పెట్టినప్పుడూ తీసినప్పుడూ విండోస్ చేసే శబ్దం. పెట్టినప్పుడు కింది స్వరం నుంచి పైకి పోతుంది, తీసినప్పుడు పై నుంచి కిందికి. స్క్రీన్ కదిలిస్తే ఆ శబ్దం వచ్చిందంటే స్క్రీన్‌లో ఉన్న యూఎస్‌బీ పరికరం ఊడి, మళ్ళీ తగులుతోంది. స్క్రీన్‌లో ఉన్న యూఎస్‌బీ పరికరం ఏమిటో మీరే చెప్పండి.

కెమెరా వైరు స్క్రీన్‌ని తిప్పే కీలు, అదే హింజ్, లోంచి కిందికి దిగుతుంది. స్క్రీన్ తెరిచి మూసిన ప్రతిసారీ అక్కడ మెలిపడుతుంది. నా పాత లాప్‌టాప్‌లో ఇలాగే లోపల తీగలు ఒక్కొక్కటే తెగాయి.

ఒక ప్రశ్న, మైకు కూడా ఈ మధ్య తేడాగా ఉందా? చాలా మోడళ్ళలో మైకు కెమెరా పక్కనే, అదే చిన్న బోర్డు మీద, అదే వైరు గుత్తిలో ఉంటుంది.

జీరోబగ్
నేను చెంపలు వేసుకుంటున్నా. మొదటి పోస్టు మూడుసార్లు చదివాను, స్పీకర్ అన్న మాట చూసి దాటేశాను.

వానచినుకు_07
అరటిమొక్క గారూ!! మొన్న అమ్మతో మాట్లాడుతుంటే నీ గొంతు ముక్కలు ముక్కలుగా వస్తోంది, వైఫై మార్చుకో అంది. రూటర్ రెండుసార్లు రీసెట్ చేశాను. ఇప్పుడేం చేయాలి?

అరటిమొక్క
డివైస్ మేనేజర్ తెరిచి ఉంచండి. స్క్రీన్‌ని రెండు చేతులతో పట్టుకుని మెల్లగా, చాలా మెల్లగా ముందుకి వంచుతూ రండి. అది దానంతటదే రిఫ్రెష్ అవుతుంది, చూస్తూ ఉండండి.

వానచినుకు_07
వచ్చింది!!! దాదాపు సగం మూసినప్పుడు టుంగ్ మంది, కెమెరాస్ వరస వచ్చింది. కెమెరా యాప్‌లో నా మొహం కనిపించింది, అంటే నా గడ్డం, కీబోర్డు కనిపించాయి. ఇంకో వేలెడు వెనక్కి తీస్తే మాయం. అయిదుసార్లు చూశాను, అయిదుసార్లూ అదే చోట.

మౌస్_మామయ్య
ఇంటర్వ్యూలో కీబోర్డు చూపిస్తూ కూర్చోండి, టైపింగ్ బాగా వచ్చనుకుంటారు.

గాలిపటం
కింద ఓ నాలుగు పుస్తకాలు పెట్టి లాప్‌టాప్‌ని ఏటవాలుగా నిలబెట్టేస్తే? స్క్రీన్ కదలకుండా టేపు వేసి.

జీరోబగ్
వద్దు. ఇంకో అయిదుసార్లు కూడా ఆడించకండి. తెరకి బొమ్మ తెచ్చే వైరు కూడా ఆ హింజ్ దారినే పోతుంది, చాలాసార్లు రెండూ ఒకే గుత్తిలో ఉంటాయి. పై తొడుగు అరిగి తీగలు ఒకదానికొకటి తగిలితే కెమెరాతో ఆగదు, డిస్‌ప్లే కూడా పోవచ్చు. డేటా బ్యాకప్ ఇవాళే తీసుకోండి.

గాలిపటం
సరే, టేపు వెనక్కి తీసుకుంటున్నా.

వానచినుకు_07
విప్పించడానికి ఎల్లుండి లోపు కుదరదు. ఇంటర్వ్యూకి ఏం చేయమంటారు?

లినక్సు_లచ్చి
ఫోన్ ఉందిగా. ఆండ్రాయిడ్ 14 లేదా ఆపైన ఉంటే కొన్ని ఫోన్లలో యూఎస్‌బీ కేబుల్ పెట్టగానే వచ్చే ఎంపికల్లో వెబ్‌క్యామ్ అని ఉంటుంది. అది ఎంచుకుంటే కంప్యూటర్‌కి ఫోన్ మామూలు యూఎస్‌బీ కెమెరాలా కనిపిస్తుంది, ఏ యాప్ అక్కర్లేదు. మీ ఫోన్‌లో ఆ ఎంపిక లేకపోతే యాప్‌లున్నాయి, రెండు పక్కలా వేసుకోవాలి.

చీకటితెర
యాప్‌లు వేస్తే ఒక జాగ్రత్త. అవి మెషీన్‌లో ఒక ఉత్తుత్తి కెమెరాని పెట్టి వదిలేస్తాయి. వీడియో రికార్డింగ్ ప్రోగ్రామ్ ఓబీఎస్ పెట్టే వర్చువల్ కెమెరా కూడా అంతే. తర్వాత మీటింగ్ యాప్ అసలు కెమెరాని వదిలి దాన్ని ఎంచుకుంటుంది. నేను ఒక మీటింగ్ మొత్తం ఒక లోగో బొమ్మగా కూర్చున్నాను. ఎవరూ చెప్పలేదు. ప్రొఫెషనల్‌గా ఉందనుకున్నారట.

పాతకీబోర్డు
ఇంత అవసరమా? ఇంటర్వ్యూ లింకు ఫోన్‌లోనే తెరవండి. స్టాండ్ లేకపోతే గోడకి ఆనించండి, కంటి ఎత్తున ఉండాలి. నోటిఫికేషన్లు ఆపండి. స్క్రీన్ షేర్ చేయమంటే మాత్రం లాప్‌టాప్ నుంచి కూడా అదే లింకులో చేరి, అక్కడ మైకు, స్పీకర్ రెండూ కట్టేయండి. లేకపోతే గొంతు గుహలో మాట్లాడినట్టు మోగుతుంది.

వానచినుకు_07
ఇది బాగుంది. ఫోన్‌తోనే చేస్తా.

రెండోకన్ను
నా దగ్గర ఇప్పుడు రెండు కెమెరాలు పనిచేస్తున్నాయి, ఊరికే చెప్తున్నా.

గాలిపటం
@రెండోకన్ను పుండు మీద కారం చల్లకండి.

వానచినుకు_07
తొమ్మిది రోజుల తర్వాత వస్తున్నా. ఇంటర్వ్యూ ఫోన్‌లో అయింది, స్క్రీన్ షేర్ కూడా అడిగారు, పాతకీబోర్డు గారు చెప్పినట్టే రెండు చోట్ల చేరాను. ఫలితం ఇంకా రాలేదు. నిన్న లాప్‌టాప్ విప్పించాను, పక్కనే కూర్చుని చూశాను. ఎడమ హింజ్ దగ్గర వైరు గుత్తి నలిగి, నల్ల టేపు చిరిగి, వెంట్రుకంత సన్నటి తీగలు రెండు తెగి ఉన్నాయి. ఒకటి కెమెరాది, ఇంకోటి మైకుదట. డిస్‌ప్లే తీగలకి తొడుగు గీసుకుపోయింది కానీ తెగలేదు. కేబుల్ మొత్తం మార్చారు. ఇప్పుడు స్క్రీన్ ఎటు వంచినా కెమెరా ఉంటోంది, టుంగ్ టుంగ్ లేదు. అమ్మ నీ వైఫై బాగుపడిందే అంది. నేను సరిదిద్దలేదు.

అరటిమొక్క
హమ్మయ్య.

జీరోబగ్
బాగు చేయించి వచ్చి చెప్పినందుకు మెచ్చుకోవాలి. ఇక్కడ సగంమంది పని అయ్యాక కనబడరు.

బ్లూస్క్రీన్_బాబాయ్
ఎలాగూ విప్పారు కాబట్టి ఓసారి ఫార్మాట్ కూడా...

గాలిపటం
బాబాయ్!

కొత్తచిగురు
పాత చర్చని లేపుతున్నా, నాకూ అదే 4244. డివైస్ మేనేజర్‌లో వెలిసిపోయిన పేరు, కోడ్ 45, అచ్చం ఇలాగే. కానీ స్క్రీన్ ఎటు వంచినా రావట్లేదు, శబ్దం కూడా లేదు. నా కేబుల్ పూర్తిగా తెగిపోయినట్టుంది. విప్పడానికి స్క్రూడ్రైవర్ సెట్ తెచ్చుకున్నాను. ఎక్కడ మొదలుపెట్టాలి?

పాతకీబోర్డు
మూత తీశారా?

కొత్తచిగురు
మూత లేదండి. కుడి పక్కన ఛార్జింగ్ పోర్టు దగ్గర బుల్లి స్విచ్ ఒకటుంది, అది దేనికో తెలీదు.

పాతకీబోర్డు
స్క్రూడ్రైవర్ పక్కన పెట్టి దాన్ని జరపండి.

కొత్తచిగురు
వచ్చేసింది.

పాతకీబోర్డు
@జీరోబగ్ చూశారా సార్.